ఆప్టికల్ ఫైబర్‌ని ‘గాజు నార’ అంటే తప్పా?

గోగుచేను: మా ఊళ్లో ఇంటింటికీ ఫైబర్ నెట్ వేస్తున్నారు. దాన్ని ‘గాజు నార’ అందామంటే అందరూ నవ్వుతున్నారు. గ్లాస్‌కి గాజు, ఫైబర్‌కి నార. తప్పేముంది?

గుంటమగ్గం: నార అంటే చెట్టుదండీ. గోగు కట్టలు చెరువులో ఊరేసి, ఆ కుళ్లు కంపు భరిస్తూ పుల్ల నుంచి ఒలిస్తే వచ్చేది నార. అరటినార కూడా పట్టను చీలిస్తే వచ్చేదే. ఆప్టికల్ ఫైబర్‌ని ఎవరూ ఒలవరు. గాజు కడ్డీని 2000 డిగ్రీల దగ్గర మెత్తబరిచి కిందికి లాగుతారు. మందం 125 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. లాగితే వచ్చేది తీగ, కాదంటే పోగు.

పాతనిఘంటువు: అసలు గాజే మనది కాదు కదా! సంస్కృతం ‘కాచ’ నుంచి వచ్చిందంటారు. హిందీ కాంచ్ కూడా ఆ ఇంటిదే. అద్దం ‘ఆదర్శ’ నుంచి, సీసా పారసీ ‘శీషా’ నుంచి. నార ఒక్కటే అచ్చంగా మన భాషలది, తమిళంలోనూ ‘నార్’ ఉంది. ఈ కలగాపులగం ఎందుకు? పుస్తకాల్లో ఉన్న ‘దృశా తంతువు’ చాలు.

గోగుచేను: దృశా తంతువు తెగిందని కేబుల్ కుర్రాడికి ఫోన్ చేసి చూడండి మేష్టారూ, ఎవరొస్తారో!

మట్టిగాజులు: పుట్టుక పట్టుకుని వేలాడితే ఏ మాటా మిగలదు. గాజుతో చేశారు కాబట్టి చేతివి గాజులయ్యాయి. తర్వాత బంగారు గాజులు, లక్క గాజులు వచ్చాయి. చివరికి అసలు గాజుతో చేసినవాటిని ఏమంటున్నాం? మట్టి గాజులు! స్టీలు గ్లాసుదీ అదే కథ. ఇంగ్లీషు ఫైబర్ కూడా లాటిన్ ‘ఫిబ్రా’యే. మొక్కల పీచుకీ కండరాల పోగుకీ వాడుకున్న ఆ మాటని 1930ల్లో గాజుకి తగిలించి ఫైబర్‌గ్లాస్ అన్నారు. మన పంజాబ్‌లోని మోగాలో పుట్టిన భౌతిక శాస్త్రవేత్త నరీందర్ సింగ్ కపానీ 1960లో ‘ఫైబర్ ఆప్టిక్స్’ అన్నాడు. వాళ్లకి చెల్లినప్పుడు మనకెందుకు చెల్లదు?

గుంటమగ్గం: చెల్లుతుంది గానీ, నార అనగానే ముతకదనం కళ్లముందుకొస్తుంది. వనవాసంలో కట్టినవి నారబట్టలు. వెంట్రుకంత సన్నగా ఉన్నదాన్ని నార అంటే ఎవరి చెవికి ఎక్కుతుంది? గాజు పోగు అనండి, చేతులెత్తి ఒప్పుకుంటా.

గోగుచేను: మరి డాక్టర్లు తినమనే ఫైబరో? అది పీచు. ఒక్క ఫైబర్‌కి మన దగ్గర నార, పీచు, పోగు ఉన్నాయి. సరే, పోగుకే నా ఓటు. తెగిన ఫైబర్ కొసలు కలిపే స్ప్లైసింగ్‌ని ఏమందాం?

గుంటమగ్గం: మగ్గం మీద పోగు తెగితే అతుకుతాం. అదీ అతకడమే.

పాతనిఘంటువు: నేను మాత్రం తంతువు వదలను.