గద్ద మెడ వెనక్కి తిరిగిపోతోంది, ఎగరట్లేదు. బర్డ్ ఫ్లూ అయ్యుంటుందా?

కిరాణం_అక్క (హాలియా దగ్గర)

అందరికీ నమస్తే. మాది సాగర్ ఎడమ కాల్వ కింద ఊరు. చిన్న కిరాణం నడుపుతా, వాకిట్లో నాటు కోళ్లున్నాయి. ఈ రోజు పొద్దున మా దొడ్డి వెనక చింతచెట్టు కింద ఒక గద్ద కూలబడి కనిపించింది. రెక్కలు నేల మీద పరిచి, తోక మీద ఆనుకుని కూర్చుంది. తల మెల్లగా ఒక పక్కకు తిరిగి తిరిగి వీపు దాకా పోతుంది, మళ్లీ ఎవరో గుంజినట్టు ముందుకొస్తుంది. కళ్లు తెరిచే ఉన్నాయి కానీ కుక్క మీదికి పోయినా చూపు తిప్పట్లేదు. కింద పచ్చగా నీళ్ల రెట్ట.

నా టెన్షన్‌కు కారణం వేరే ఉంది. ఊరవతల కోళ్ల ఫారంలో ఈ మధ్య కోళ్లు చాలా చచ్చాయి. పూడ్చలేదు. బస్తాల్లో నింపి కాల్వ గట్టు పక్క గుంతలో పారేశారు. కుక్కలు బస్తాలు చింపాయి, ఆ పైన గద్దలు, కాకులు జాతర చేశాయి. అడగబోతే "ఎండకు చచ్చినయ్, నీకెందుకు" అన్నారు. శివరాత్రి కూడా రాలేదు, ఎండెక్కడిది?

మా అత్తమ్మ ఏమో గద్దను కొట్టి చంపి దూరంగా పడేయమంటుంది, దాంతోనే మన కోళ్లకు రోగమొస్తదని. మా చిన్నోడు దానికి నీళ్లు తాపుతానని గిన్నె పట్టుకుని తిరుగుతున్నాడు. ఏం చేయాలో తెలిసినవాళ్లు చెప్పండి.

యాసంగి_రాజు (మిర్యాలగూడ)

గద్దకు ఫ్లూ ఏంది అక్కా, అది కోళ్ల రోగం. ఇప్పుడు వరికి పురుగుల మందు గుళికలు చల్లే రోజులు. గుళికలు తిని చచ్చిన పిట్టనో ఎలుకనో తిని ఉంటది. మా పొలంలో కొంగలు అట్లనే పడ్డాయి.

రిటైర్డ్_పశువైద్యం (నల్గొండ)

అమ్మా, ముందు పిల్లాడిని లోపలికి పిలవండి. మిగతావి తర్వాత. గద్దను ఎవరూ ముట్టుకోవద్దు, కొట్టొద్దు. కొడితే రక్తం, రెట్ట, సొంగ చుట్టూ చిందుతాయి, ఉన్న ప్రమాదం పెరుగుతుంది. పైగా గద్దను చంపడం వన్యప్రాణి చట్టం కింద నేరం. దూరం నుంచి ఒక గంప బోర్లించి పైన రాయి పెట్టండి, కుక్కలు, పిల్లులు పీక్కుపోకుండా. 1962కు ఫోన్ చేయండి, అది పశువైద్య సంచార వాహనం నంబరు. అటవీ శాఖ వాళ్లకూ చెప్పండి.

రాజు చెప్పింది కొట్టిపారేసే మాట కాదు. గుళికల మందు తగిలితే కూడా పక్షి ఇట్లాగే కూలబడుతుంది. కానీ అప్పుడు సాధారణంగా కాళ్ల గోళ్లు పిడికిలి బిగించినట్టు ముడుచుకుపోతాయి, నోటి నుంచి సొంగ కారుతుంది. మెడ తిరగడం కోళ్లకొచ్చే కొక్కెర తెగులులోనూ ఉంటుంది, బర్డ్ ఫ్లూ మెదడుకు ఎక్కినప్పుడూ ఉంటుంది. చూపుతో తేల్చగలిగితే భోపాల్‌లో అంత పెద్ద ల్యాబ్ ఎందుకు? శాంపిల్ అక్కడికి పోతేనే ఖాయంగా తెలుస్తుంది.

"గద్దకు ఫ్లూ ఏంది" అన్న మాట మాత్రం తప్పు. వేటాడే పక్షులకు ఇది తిండితోనే వస్తుంది. జబ్బు కోడినో బాతునో పీక్కుతింటే వైరస్ నేరుగా నోట్లోకే పోయినట్టు. అమెరికాలో 2022 నుంచి తెల్లతల గద్దలు దీంతో చచ్చాయి. 2023లో అరిజోనా వైపు కాండోర్ అనే పెద్ద రాబందులు 21 పోయాయి. అసలే అంతరించిపోయే జాతి, చివరికి వాటికి టీకాలు వేయడం మొదలుపెట్టారు. మన దగ్గర 2021 జనవరిలో రాజస్థాన్‌లో కాకులు రాలిపడ్డాయి. నాగపూర్ గోరెవాడలో మూడు పులులు, ఒక చిరుత కూడా దీనితోనే చనిపోయాయి, 2024 డిసెంబర్‌లో. అందుకే పిల్లి గురించి కూడా చెప్పాను.

మీ అత్తమ్మగారి భయంలో సగం నిజం ఉంది. జబ్బు గద్ద రెట్టతో మీ కోళ్లకు రావొచ్చు. కానీ ఆ గద్దకు ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. ఆ గుంతే అసలు ఇల్లు. అది తెరిచి ఉన్నంతకాలం ఇవాళ ఈ గద్ద, రేపు ఇంకోటి. లోతుగా గుంత తీసి, సున్నం చల్లి పూడ్చాలి. ఈ పని ఊరివాళ్లు ఒట్టి చేతులతో చేయకూడదు, పశువుల దవాఖాన వాళ్లతో చేయించండి.

ఫారం వాళ్లు ఎందుకు దాస్తారో నా సర్వీసులో చాలా చూశాను. రోగం ఖాయమైతే చుట్టూ కిలోమీటర్ లోపల కోళ్లన్నీ చంపుతారు, పది కిలోమీటర్ల దాకా నిఘా పెడతారు. వ్యాపారం పోతుందని నోరు మూసుకుంటారు. నిజానికి సర్కారు చంపించిన కోళ్లకు పరిహారం ఉంటుంది, అంతకు ముందే చచ్చినవాటికి ఉండదు. లెక్క తెలిసినవాడు మొదటి రోజే ఫోన్ చేస్తాడు.

మక్తల్_దుబాయ్

నేను ఎనిమిదేళ్లు దుబాయ్‌లో ఒక అర్బాబ్ (యజమాని) దగ్గర డేగలు చూసుకున్నా. కార్ల కంటే వాటికే ఖర్చెక్కువ. వాటి తిండికి ఫారంలో పెంచిన కౌజు పిట్టలే, అవీ ఒకే దుకాణం నుంచి. వేటలో అడవి బాతును పట్టినా నోట పెట్టనిచ్చేవాళ్లు కాదు, వెంటనే చేతిలో మాంసం ముక్క చూపించి మరిపించేవాళ్లం. ఒకరోజు బాతు మెడ కొరికిందని మూడు వారాలు దాన్ని వేరే గదిలో కట్టేశారు, గ్లోవ్స్ కూడా దానికి వేరే. అప్పుడు నవ్వుకున్నా. డాక్టర్ చెప్పిందే అక్కడి డాక్టరూ చెప్పిండు: 2004లో థాయ్‌లాండ్ నుంచి బ్యాగులో దాచి తెచ్చిన రెండు గద్దలు బ్రస్సెల్స్ ఎయిర్‌పోర్టులో దొరికితే, రెండింటికీ బర్డ్ ఫ్లూ తేలిందట. మన గద్దకు అర్బాబ్ లేడు, చికెన్ సెంటర్ వేస్టేజీ, గుంతలో కోళ్లు, ఏది దొరికితే అది.

కిరాణం_అక్క

అందరికీ థాంక్స్. 1962 వాళ్లు మధ్యాహ్నానికి వచ్చారు, అప్పటికే గద్ద పోయింది. కాళ్లు చూడమన్నా, గోళ్లు విడిగానే ఉన్నాయి. తెల్ల డ్రెస్సులు, మాస్కులు వేసుకుని రెండు కవర్లలో కట్టి ఐస్ డబ్బాలో పెట్టుకుని పోయారు. దవాఖాన డాక్టర్ గుంత చూసి ఫోటోలు తీసుకున్నాడు, జేసీబీ రేపు వస్తదట. ఫారం గేటుకు తాళం ఉంది.

ఇంకో డౌట్. మా కోళ్ల గుడ్లు కొట్లో అమ్ముతా. ఆపాలా?

రిటైర్డ్_పశువైద్యం (నల్గొండ)

రిపోర్ట్ వచ్చేదాకా మీ ఇంటి గుడ్లు, కోళ్లు ఎవరికీ ఇవ్వకండి. కోళ్లను బయటికి వదలొద్దు, గూట్లోనే మేత, నీళ్లు. గూడు ఊడ్చేటప్పుడు ముక్కుకు మాస్క్, ముందు నీళ్లు చల్లి తడిపి ఊడ్వండి, పొడి దుమ్ము లేపొద్దు. బయట కొన్న చికెన్, గుడ్లు 70 డిగ్రీలు దాటేలా బాగా ఉడికిస్తే భయం లేదు, హాఫ్ బాయిల్ మానేయండి. కోసేటప్పుడు పచ్చి ముక్క పిల్లల చేతికి ఇవ్వకండి. 2025లో పల్నాడులో రెండేళ్ల పాప బర్డ్ ఫ్లూతో చనిపోయింది, పచ్చి చికెన్ ముక్క తిన్నదని ఇంట్లోవాళ్లు చెప్పారు. ఇంట్లో ఎవరికైనా ఈ పది రోజుల్లో జ్వరం, దగ్గు వస్తే డాక్టర్‌కు గద్ద సంగతి ముందే చెప్పండి.