వీరేశలింగం గారి నిదానం ముందుచూపా, జంకా?

ప్రశ్న (గ్రంథాలయ_మిత్రుడు):
మా పఠన బృందంలో ఈ నెల కందుకూరి వీరేశలింగం పంతులు గారి స్వీయచరిత్ర చదివాము. వితంతు వివాహాలకు అనుమతినిచ్చే చట్టం 1856లోనే వచ్చింది. పంతులు గారు ఆ విషయమై రాజమహేంద్రవరంలో బహిరంగంగా మాట్లాడింది 1879లో. మొదటి పెళ్లి జరిపించింది 1881 డిసెంబరు 11న. ఈ రెండేళ్ల ఆలస్యాన్ని కొందరు ముందుచూపన్నారు, మరికొందరు జంకన్నారు. మార్పుకు పూనుకునేవారు ఇందులో నేర్చుకోవలసింది ఏమిటో పెద్దలు వివరించగలరా?

జవాబు (కోటిలింగాల_రేవు):
జంకు అనడం అన్యాయం. ఉపన్యాసం ముగిసిన మర్నాడే పెళ్లి తలపెట్టి, అది పీటల మీద ఆగిపోయి ఉంటే, నవ్వులపాలయ్యేది పంతులు గారైనా బతుకు చెడేది ఆ పిల్లది. అందుకే ముందుగా, వితంతు వివాహానికి శ్లోకప్రమాణం ఉన్న ప్రాచీన ధర్మశాస్త్రం పరాశరస్మృతిని ఆధారం చేసుకొని పండితులతో వాదించారు. బెంగాలులో ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు తొక్కిన దారే అది. కాకినాడలో పైడా రామకృష్ణయ్య గారు ధనసహాయానికి ముందుకు వచ్చారు. వధూవరులను వెదకడం, పురోహితుణ్ణి ఒప్పించడం, వంటవాళ్లను కుదుర్చుకోవడం, దౌర్జన్యం జరగకుండా విద్యార్థులను కాపలా ఉంచడం, ఇవన్నీ కుదిరాకనే ముహూర్తం పెట్టారు.

జవాబు (పాత_పుస్తకం):
ఏర్పాట్ల సంగతి ఒప్పుకుంటాను గాని, ఆ వివేకానికి మూల్యం చెల్లించింది ఎవరో కూడా చూడాలి. వెలి వేశాక వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు ఆ ఇంటి గడప తొక్కడం మానేస్తే, పంతులు గారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారు గోదావరికి వెళ్లి బిందెలతో నీళ్లు తెచ్చి, పెళ్లివారికి స్వయంగా వండిపెట్టారు. కష్టకాలంలో నిబ్బరం అంటే నాకు ముందు ఆవిడే గుర్తుకు వస్తారు. పోతే, శాస్త్రవాదం బలాన్ని మనం కాస్త ఎక్కువగానే అంచనా వేస్తున్నామేమో. శ్లోకార్థాన్ని ఒప్పుకున్నవారిలోనూ వెలికి వెరచి పంక్తిలో కూర్చోని వారున్నారు. కొందరు ప్రాయశ్చిత్తం చేసుకొని తప్పుకున్నారు.

గ్రంథాలయ_మిత్రుడు:
అలాగైతే ఆ వాదాల వల్ల ఒరిగిందేమిటండీ?

జవాబు (కోటిలింగాల_రేవు):
పాత_పుస్తకం గారు చెప్పింది నిజమే. వాదించినంత మాత్రాన పండితులెవరూ మారిపోలేదు. అయితే ఆ మాటలను పక్కనుండి విన్నవారున్నారు. పంతులు గారు రాజమహేంద్రవరం కళాశాలలో తెలుగు పండితులు. రోజూ ఎదుట కూర్చొని పాఠం విన్న కుర్రవాళ్లే పెళ్లినాడు వెంట నిలబడ్డారు. ఆయన పత్రిక ‘వివేకవర్ధని’ మొదలైందీ, ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టిందీ 1874లోనే కదా. కాబట్టి మీ బృందంవారు లెక్క 1879 నుంచి కాక 1874 నుంచి వేసుకుంటే, ఆ పెళ్లి వెనుక ఉన్నది రెండేళ్ల తాత్సారం కాదు, ఏడేళ్ల పని అని తేలుతుంది. మొదటి పెళ్లి జరిగిన కొద్ది రోజులకే రెండోది కూడా జరిపించగలిగారంటే, ఆ ఏర్పాట్లు ఒక్క ముహూర్తం కోసం చేసినవి కావు.