కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టి ఆరేళ్లయింది, ఇప్పుడు కన్ను అదురుతోంది: ఏ స్కాన్ తీయించాలి?

బాబు తల్లి, కూకట్‌పల్లి:
మా బాబుకి తొమ్మిదేళ్లు. మూడో ఏట ఆరోగ్యశ్రీలో కుడి చెవికి ఇంప్లాంట్ (నరానికి కరెంటుతో శబ్దం అందించే పరికరం) చేయించాం, మాటలు బాగానే వచ్చాయి, మామూలు స్కూలుకే వెళ్తున్నాడు. ఈమధ్య గరగరమంటోందని, టీచర్ మాట సరిగ్గా వినబడట్లేదని అంటున్నాడు, కుక్కర్ విజిల్ వేస్తే చాలు కుడి కన్ను టపటపా కొట్టుకుంటోంది. దగ్గర్లో ఒక క్లినిక్‌లో చూపిస్తే బ్రెయిన్ ఎంఆర్ఐ రాసిచ్చారు. ఇంప్లాంట్ ఉందని చెప్పినా "ఏం కాదులేమ్మా" అన్నారు. నాకు ఒకటే టెన్షన్. తీయించొచ్చా?

పాప నాన్న, మలక్‌పేట:
అక్కా, ఆగండి. లోపల అయస్కాంతం ఉంటుంది, ఏ మోడలో తేలకుండా ఎంఆర్ఐ గదిలోకి పంపకండి. ఆపరేషన్ అయ్యాక ఇచ్చిన ఇంప్లాంట్ కార్డు తీసి చూడండి, దాని మీద మోడల్ పేరు ఉంటుంది. మా పాపది పాత మోడల్, తలకి గట్టిగా కట్టు కట్టి 1.5 టెస్లా (అయస్కాంత బలం) మెషీన్‌లోనే తీయాలన్నారు. అలా కట్టినా అయస్కాంతం పక్కకి జరిగి నొప్పితో ఏడ్చిన పిల్లలున్నారు.

స్కాన్ సెంటర్ టెక్నీషియన్, దిల్‌సుఖ్‌నగర్:
ఆయన చెప్పింది నిజమే. మెడెల్ కంపెనీ సింక్రొనీ లాంటి కొత్త ఇంప్లాంట్లలో అయస్కాంతం లోపలే తిరిగి సర్దుకుంటుంది కాబట్టి 3 టెస్లా దాకా అనుమతి ఉంది, కొన్ని పాతవాటికైతే అయస్కాంతం తీస్తేగానీ కుదరదు. అయినా మీ బాబు విషయంలో ఎంఆర్ఐతో ఒరిగేదేం లేదండీ, ఇంప్లాంట్ ఉన్న వైపంతా నల్లటి నీడ పడుతుంది, మనం చూడాల్సింది సరిగ్గా ఆ చోటే.

స్కాన్ల విషయంలో మొదటి మెట్టు మామూలు ఎక్స్‌రే. కాకపోతే పక్కనుంచి తీసే స్కల్ ఎక్స్‌రే కాదు, తలని 45–50 డిగ్రీలు తిప్పి తీసే స్టెన్వర్స్ వ్యూ అని చీటీలో రాయించుకోండి, లేకపోతే మా దగ్గర కుర్రాళ్లు అలవాటు కొద్దీ రెండు వైపులా తీసి పంపేస్తారు. సరిగ్గా తీస్తే కాక్లియా (లోపలి చెవిలో నత్తగుల్లలాంటి భాగం) లోపలికి వెళ్లే ఎలక్ట్రోడ్ వైరు చుట్ట తిరిగిన పూసల దండలా కనబడుతుంది. వైరు బయటికి జారితే ఆ చుట్ట చిన్నదైపోతుంది, కొన వెనక్కి మడతపడినా తెలుస్తుంది.

ఇంకొకరు:
ఇదంతా ఎందుకండీ, ఒకేసారి సీటీ తీయిస్తే అన్నీ తేలిపోవా?

ఆడియాలజిస్టు, సికింద్రాబాద్:
తేలవు. ఏ స్కాన్ అయినా వైరు ఎక్కడుందో చెబుతుంది, పనిచేస్తోందో లేదో చెప్పదు. లోపలి సర్క్యూట్ దెబ్బతిన్నా ఫిల్మ్ శుభ్రంగా కనబడొచ్చు. అందుకే ముందు మ్యాపింగ్ (ఇంప్లాంట్ కరెంటు సెట్టింగులు సరిచేయడం) చేసేవాళ్ల దగ్గరికి వెళ్లండమ్మా. కాయిల్, కేబుల్, మైక్ మార్చి చూస్తారు, గరగర చాలాసార్లు అక్కడే పోతుంది. పోకపోతే కంప్యూటర్‌కి కలిపి ఒక్కో ఎలక్ట్రోడ్ ఇంపీడెన్స్ (కరెంటుకి ఎంత అడ్డు ఉందో) చూసి పాత రీడింగులతో పోలుస్తారు. కాక్లియా ద్వారం దగ్గరుండే ఎలక్ట్రోడ్లు వరసగా ఓపెన్ (కరెంటు పారట్లేదు) అని వస్తే వైరు జారిందేమోనని అనుమానం, ఎక్స్‌రే అప్పుడు రాయించుకోవాలి. ఇంప్లాంట్ కంపెనీ వాళ్ల ఇంటెగ్రిటీ టెస్ట్ (లోపలి పరికరం పనిచేస్తోందో చూసేది) కూడా ఉంటుంది, అడిగి చేయించుకోండి.

కన్ను అదరడానికి మాత్రం భయపడకండి. ముఖానికి వెళ్లే నరం కాక్లియాకి ఆనుకునే పోతుంది, కరెంటు దానికి తగిలితే ఇలా అవుతుంది. ఏ ఎలక్ట్రోడ్ వల్లనో పట్టుకుని దాన్ని తగ్గించినా, ఆపేసినా చాలామందికి సర్దుకుంటుంది. చెవి వెనక వాపు, జ్వరం, చీము ఉంటే మాత్రం మ్యాపింగ్ కోసం ఆగకుండా అదే రోజు సర్జన్‌కి చూపించాలి.

స్కాన్ సెంటర్ టెక్నీషియన్:
సీటీ అసలు వద్దని కాదు. చెవిలో కొత్తగా కండ పెరిగిందా, ఎముక తినేసిందా, కాక్లియా లోపల ఎముక కట్టిందా (మెనింజైటిస్, అంటే మెదడు పొరల వాపు వచ్చిన పిల్లల్లో ఇది జరుగుతుంది) అన్నవి చూడాలంటే చెవి ఎముకని సన్నటి పొరలుగా చూపే టెంపోరల్ బోన్ హెచ్ఆర్‌సీటీయే దిక్కు. లోహం వల్ల గీతలు పడి ఒక్కో ఎలక్ట్రోడ్ విడిగా కనబడదు, అదొక ఇబ్బంది. ఆ గీతలు కోన్ బీమ్ సీటీలో తక్కువ, రేడియేషన్ కూడా సాధారణంగా తక్కువే. సిటీలో ఈ మెషీన్లు ఎక్కువగా పళ్ల స్కాన్ సెంటర్లలో ఉంటాయి, కొన్నిటికి దవడ వరకే అందుతుంది, చెవి ఎముక వస్తుందా అని ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి. ఏది తీయించినా బయటి ప్రాసెసర్ తీసి మీ చేతిలోనే పెట్టుకోండి.

బాబు తల్లి:
చాలా థాంక్స్ అండీ. మ్యాపింగ్‌కి వెళ్లొచ్చాం. కేబుల్ మార్చినా గరగర పోలేదు, బయటివైపు మూడు ఎలక్ట్రోడ్లు ఓపెన్ చూపించాయి. ఒక ఎలక్ట్రోడ్ ఆపగానే కన్ను అదరడం ఆగిపోయింది. సర్జన్ గారు మీరు చెప్పిన ఎక్స్‌రేనే రాశారు, ఆపరేషన్ అప్పటి ఫిల్మ్ కూడా తెమ్మన్నారు. ఇల్లు మారినప్పుడు అది ఎటు పోయిందో తెలియట్లేదు.

స్కాన్ సెంటర్ టెక్నీషియన్:
ఆపరేషన్ చేసినచోట మెడికల్ రికార్డ్స్ సెక్షన్‌లో ఐపీ నంబర్ చెప్పి అడగండి. దొరికితే రెండూ పక్కపక్కన పెట్టి చూడటం చాలా తేలిక. దొరక్కపోతే ఆపరేషన్ నోట్స్‌లో ఎన్ని ఎలక్ట్రోడ్లు లోపలికి వెళ్లాయో రాసి ఉంటుంది, కొత్త ఎక్స్‌రేలో ఎన్ని ఉన్నాయో లెక్కపెడతారు. ఇంప్లాంట్ న్యూక్లియస్ బ్రాండ్ అయితే మొత్తం 22, మెడెల్ 12, అడ్వాన్స్‌డ్ బయోనిక్స్ 16. కొత్తది సీడీలో కూడా తీసుకోండమ్మా, ఫిల్మ్‌ని ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే ఆ చుక్కలు లెక్కకి అందవు.