శరీరభాగాలతో ఏర్పడిన ఇంగ్లీషు జాతీయాల అర్థాన్ని ఊహించవచ్చా?

ప్రశ్న

ఇంగ్లీషు పత్రికలను నిఘంటువు పక్కన పెట్టుకొని చదువుతున్నాను. విడివిడిగా ప్రతి మాటకూ అర్థం తెలిసినా, తల, కన్ను, చెయ్యి, కాలు వంటి వాటితో కూడిన జాతీయం ఎదురైతే మాత్రం వాక్యం కొరుకుడుపడటం లేదు. కొన్నింటికి తెలుగు నుడికారమే దారి చూపుతోంది. 'టర్న్ ఎ డెఫ్ ఇయర్' అంటే పెడచెవిన పెట్టడమేనని చూడగానే తెలుస్తుంది. 'పుల్ సమ్‌వన్స్ లెగ్' దగ్గర ఆ పద్ధతి పనిచేయదు. తెలుగులో కాళ్లు పట్టి లాగడం ఎదిగేవారిని అడ్డుకోవడమైతే, ఇంగ్లీషులో అది సరదాగా ఆటపట్టించడం మాత్రమే. ఏవి ఊహకు అందుతాయో, ఏవి అందవో ముందే పసిగట్టే మార్గం ఉందా? వీటి పుట్టుక గురించి ప్రచారంలో ఉన్న కథలను ఎంతవరకు నమ్మవచ్చు?

మొదటి సమాధానం

భయం, కోపం, పరుగు వంటి మనుషులందరి అనుభవాల నుంచి పుట్టినవి చాలావరకు ఊహకు అందుతాయి. 'టేక్ టు వన్స్ హీల్స్' అంటే కాలికి బుద్ధి చెప్పడమే, 'స్టాబ్ ఇన్ ద బ్యాక్' అంటే వెన్నుపోటే. ఒక వృత్తి నుంచో, ఆట నుంచో వచ్చినవి మాత్రం ఆ నేపథ్యం తెలిస్తే తప్ప లొంగవు. 'నెక్ అండ్ నెక్' గుర్రప్పందేల మాట; రెండు గుర్రాల మెడలు సమానంగా సాగుతున్నాయంటే పోటీ హోరాహోరీగా ఉందన్నమాట. 'ఫుట్ ద బిల్'లోని ఫుట్ మనిషి పాదం కాదు, లెక్కల కాగితం అడుగుభాగం. మొత్తం వేసేది అక్కడే కనుక, ఆ మొత్తాన్ని భరించడమనే అర్థం స్థిరపడింది.

నన్నడిగితే, అసలు ప్రమాదం సగం మాత్రమే కలిసే వాటితోనే. దుర్వార్త విన్నవారికి కాళ్లూ చేతులూ చల్లబడ్డాయని మనం అంటాం. 'గెట్ కోల్డ్ ఫీట్' అనేది అలాంటి భయానికి వాడే మాట కాదు. ఒక పనికి ఒప్పుకొని, ఏర్పాట్లన్నీ పూర్తయ్యాక, తీరా సమయం వచ్చేసరికి ధైర్యం చాలక వెనుకంజ వేయడానికే దానిని వాడతారు.

రెండవ సమాధానం

పై సమాధానంతో ఏకీభవిస్తూ, వ్యాకరణం వైపు నుంచి ఒక మాట చేరుస్తాను. ఈ జాతీయాలలో శరీరభాగం కంటే దాని ముందున్న చిన్న మాటే అర్థాన్ని ఎక్కువగా నడిపిస్తుంది. 'ఎట్ హ్యాండ్' అంటే చేరువలో ఉన్నది, 'ఇన్ హ్యాండ్' అంటే ప్రస్తుతం చేపట్టినది, 'అవుట్ ఆఫ్ హ్యాండ్' అంటే అదుపు తప్పినది. ఈ చివరిదే తిరస్కరించడమనే క్రియ పక్కన చేరితే, కనీసం ఆలోచించకుండా తోసిపుచ్చడమనే అర్థం వస్తుంది. ఏకవచన బహువచనాలను కూడా మన ఇష్టానికి మార్చకూడదు. మీరు ఉదహరించిన 'పుల్ సమ్‌వన్స్ లెగ్'లో లెగ్‌ను లెగ్స్ చేస్తే, వినేవారికి నిజంగా రెండు కాళ్లూ పట్టి ఈడ్చిన దృశ్యమే తోస్తుంది. అందువల్ల ఒంటరి మాటను కాక, పూర్తి వాక్యాన్నే రాసిపెట్టుకోవడం మంచిది.

మూడవ సమాధానం

పుట్టుక కథల విషయానికి వస్తే, గ్రంథాధారం ఉన్నవాటిని నమ్మవచ్చు. వెంట్రుకవాసిలో తప్పించుకోవడాన్ని తెలిపే 'బై ద స్కిన్ ఆఫ్ మై టీత్' బైబిల్‌లోని యోబు గ్రంథం నుంచి వచ్చింది; 1560 నాటి జెనీవా అనువాదం దానిని ఇంగ్లీషులోకి తెచ్చింది. మనసులోని భావాలను దాచుకోకుండా బయటపెట్టడాన్ని చొక్కా చేతిపై గుండెను ధరించడంగా చెప్పే జాతీయం షేక్‌స్పియర్ 'ఒథెల్లో'లో ఇయాగో నోట వినిపిస్తుంది. ఇయాగో తన మనసును ఎవరికీ తెలియనివ్వని కపటి కావడం, ఆ మాట అంటున్నదే తాను అలా చేయనని చెప్పడానికి కావడం గమనించదగిన చమత్కారం.

ఆధారం లేని కథలు ఇంకా ఎక్కువగా ప్రచారంలో ఉన్నాయి. స్థూలమైన అంచనా సూత్రాన్ని చెప్పే 'రూల్ ఆఫ్ థంబ్' అందుకు చక్కని ఉదాహరణ. బొటనవేలికి మించని లావున్న కర్రతో భార్యను కొట్టవచ్చని ఇంగ్లండులో చట్టం ఉండేదని, ఆ మాట అక్కడి నుంచే వచ్చిందని చెబుతారు. అటువంటి చట్టమేదీ లేదు. బుల్లర్ అనే న్యాయమూర్తి ఆ విధంగా అన్నారన్న వదంతి పుట్టి, 1782లో ఆయనపై వ్యంగ్యచిత్రాలు వెలువడ్డాయి; కానీ ఈ జాతీయం అంతకు ముందు శతాబ్దంలోనే అచ్చులో కనిపిస్తుంది. బొటనవేలిని కొలతగా వాడే పనివారి అలవాటే దీనికి మూలమని భావిస్తారు. కథ ఎంత ముచ్చటగా ఉంటే అంతగా అనుమానించడం నా అలవాటు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. 'ఇన్ హ్యాండ్', 'అవుట్ ఆఫ్ హ్యాండ్' తేడా నాకు వెంటనే పనికివచ్చేది. ఇంకొక్క సందేహం మిగిలింది. పీకల్లోతు ప్రేమలో మునిగినవారిని 'హెడ్ ఓవర్ హీల్స్' అంటారు కదా. నిలబడ్డ మనిషికి తల మడమల కంటే పైనే ఉంటుంది, మరి ఇందులో విశేషమేమిటి?

మూడవ సమాధానం ఇచ్చినవారు

మీ సందేహం సహేతుకమైనదే. మొదట వాడుకలో ఉన్నది 'హీల్స్ ఓవర్ హెడ్', అంటే మడమలు తల మీదికి వచ్చేలా పల్టీ కొట్టడం. పద్దెనిమిదవ శతాబ్దంలో ఆ మాటల వరుస తారుమారైంది, అర్థం మాత్రం మారలేదు. ప్రేమకు ముడిపడటం ఆ తర్వాత జరిగింది. తలకిందులు కావడాన్ని చెప్పే జాతీయమే తలకిందులైందన్నమాట.