మోనోపైల్ మీద అలల ఫోర్స్: ఎయిరీ + మోరిసన్ సరిపోతాయా, నాన్‌లీనియర్ ఎంతవరకు వెళ్ళాలి?

ఓఎంఆర్_కాకినాడ:
అందరికీ నమస్తే. మాది కాకినాడ, ఇప్పుడు చెన్నై ఓఎంఆర్‌లో ఆఫ్‌షోర్ డిజైన్ ఆఫీసులో చేస్తున్నా. విండ్ టర్బైన్ మోనోపైల్ (టర్బైన్‌ని మోస్తూ సముద్రం అడుగులోకి దిగే ఒకే పెద్ద స్టీల్ గొట్టం) ఒకటి చూస్తున్నాం, వ్యాసం 7 మీటర్లు, నీటి లోతు 30, డిజైన్ అల ఎత్తు 12 మీటర్లు పీరియడ్ 12 సెకన్లు. ఎయిరీ వేవ్‌కి (సాదా లీనియర్ అల థియరీ) వీలర్ స్ట్రెచింగ్ (నీటి వేగాల్ని అల పైభాగం దాకా సాగదీసే పద్ధతి) పెట్టి, మోరిసన్ ఫార్ములాతో (నీటి త్వరణం వల్ల వచ్చే ఇనర్షియా, వేగం వల్ల వచ్చే డ్రాగ్ కలిపి ఫోర్స్ ఇచ్చేది) బేస్ మూమెంట్ తీశా. రివ్యూలో మా సీనియర్ గారు ‘ఇందులో నాన్‌లీనియర్ ఎక్కడుందయ్యా’ అని అడిగి వేరే మీటింగ్‌కి వెళ్ళిపోయారు. డ్రాగ్ టర్మ్‌లో వేగం స్క్వేర్ ఉందిగా, అది లెక్కలోకి రాదా? స్టోక్స్ ఫిఫ్త్ ఆర్డర్‌కి (నాన్‌లీనియర్ అల థియరీ) మారితే సరిపోతుందా, సీఎఫ్‌డీ (నీటి ప్రవాహాన్ని పూర్తిగా కంప్యూటర్లో సిమ్యులేట్ చేయడం) దాకా పోవాలా? టవర్‌తో కలిపి స్ట్రక్చర్ సొంతంగా ఊగే ఫస్ట్ ఫ్రీక్వెన్సీ 0.25 హెర్ట్జ్ వస్తోంది.

గిండీ_గోదారి:
తమ్ముడూ, మోరిసన్ వాడటంలో ఇబ్బందేం లేదు. నీ లోతులో 12 సెకన్ల అల పొడవు దాదాపు 177 మీటర్లు, వ్యాసం అందులో 4 శాతమే, 20 శాతం దాటితే కదా డిఫ్రాక్షన్ (పైల్ వల్ల అలే చెదిరిపోవడం) గొడవ. కానీ నీళ్ళ పైభాగంలో వేగం సెకనుకి 4 మీటర్లు అనుకుంటే కేసీ నంబర్ (వేగం × పీరియడ్ ÷ వ్యాసం) 7 దగ్గర వస్తుంది, అంటే ఇనర్షియాదే పైచేయి, నువ్వు చెప్పే డ్రాగ్ స్క్వేర్ టర్మ్ ఇక్కడ చిన్న వాటా. అసలు నాన్‌లీనియర్ అంతా అలలోనే ఉంది, క్రెస్ట్ (అల శిఖరం) పొడుగ్గా మొనదేలి ఉంటుంది, ట్రఫ్ (అల పల్లం) చదునుగా ఉంటుంది, ఎయిరీలో రెండూ సమానం. స్టోక్స్ ఫిఫ్త్ పెడితే క్రెస్ట్ 6 మీటర్ల కంటే పైకి పోతుంది, మూమెంట్ ఆర్మ్ కూడా దాంతోపాటే పెరుగుతుంది. స్టాటిక్ పీక్ వరకైతే అది చాలు.

కానీ ఒక్కటి చూడు. నాన్‌లీనియర్ అల ఫోర్స్‌లో అల ఫ్రీక్వెన్సీకి మూడు రెట్ల దగ్గర కూడా ఒక భాగం ఉంటుంది. 12 సెకన్లని మూడుతో భాగిస్తే 4 సెకన్లు, అంటే 0.25 హెర్ట్జ్, సరిగ్గా నీ ఫ్రీక్వెన్సీనే! మీ సీనియర్ అడిగింది దీని గురించే అయ్యుంటుంది.

ఫ్లూమ్_పిచ్చోడు:
పై అన్న చెప్పింది నూటికి నూరు పాళ్ళు కరెక్ట్, దీన్ని రింగింగ్ అంటారు. 1990ల మొదట్లో నార్వే వాళ్ళు హైడ్రూన్, డ్రాగెన్ ప్లాట్‌ఫామ్‌ల మోడల్ టెస్టుల్లో చూసి ఉలిక్కిపడ్డ విషయం ఇదే, ఒక నిటారు అల తగిలాక స్ట్రక్చర్ తన సొంత పీరియడ్‌లో ఒక్కసారిగా ఊగడం మొదలెట్టి చాలాసేపటికి గానీ తగ్గదు. తర్వాత 1995లో ఫాల్టిన్‌సెన్, న్యూమన్, విన్యే థర్డ్ ఆర్డర్ ఫోర్స్‌కి థియరీ ఇచ్చారు, అది లోతు నీళ్ళకి; దాన్ని తక్కువ లోతుకి 2017లో క్రిస్టియన్‌సెన్, ఫాల్టిన్‌సెన్ విస్తరించారు.

ఫ్లూమ్‌లో (ల్యాబులో అలలు పుట్టించే పొడుగాటి నీటి తొట్టి) సన్న సిలిండర్ పెట్టి నిటారు అల వదిలి చూడండి, క్రెస్ట్ దాటగానే నీళ్ళు రెండు పక్కల నుంచీ తిరిగి వెనకాల కలిసి ఎగదన్నుతాయి, ఫోర్స్ గ్రాఫ్‌లో మెయిన్ పీక్ దిగుతుండగా చిన్న మూపురం కనపడుతుంది. మోరిసన్ ఎంత ట్యూన్ చేసినా ఆ మూపురం రాదు. నాకైతే ఈ సబ్జెక్టులో ఇంతకంటే అందమైన సంగతి లేదు.

ఓఎంఆర్_కాకినాడ:
అమ్మో, ఆ 4 సెకన్ల సంగతి నేను చూడనే లేదు. మరి ఇప్పుడు అన్ని కేసులకీ సీఎఫ్‌డీ రన్ చేయాలా అన్నా, మా సర్వర్‌కి అంత దమ్ము లేదు.

గిండీ_గోదారి:
వద్దు వద్దు. సెకండ్ ఆర్డర్ ఇర్రెగ్యులర్ సీ (రకరకాల అలలు కలిసిన సముద్రం) తీసుకుని, అందులో ఒక పెద్ద స్ట్రీమ్ ఫంక్షన్ అలని (ఇంకో నాన్‌లీనియర్ అల థియరీతో తీసింది) ఇరికించి, చాలా సీడ్స్‌తో (అలల వరసని ర్యాండమ్‌గా మార్చి మార్చి) టైమ్ డొమైన్‌లో స్ట్రక్చర్ రెస్పాన్స్ చూడు. ఒక్క రెగ్యులర్ అలతో తేల్చేయకు, రింగింగ్ వచ్చేది గుంపులో నిటారుగా లేచిన అలకి. వాటిలో బాగా దడ పుట్టించే రెండు మూడు అలలకి మాత్రమే సీఎఫ్‌డీ పెట్టుకో.

ఇంకోటి, తుఫానులో టర్బైన్ పార్క్ అయి ఉంటుంది కాబట్టి రోటర్ ఇచ్చే ఏరో డ్యాంపింగ్ (గాలి వల్ల ఊగడం అణగడం) దాదాపు పోతుంది. ప్రొడక్షన్ కేసులో (టర్బైన్ తిరుగుతూ కరెంటు ఇస్తున్నప్పుడు) వాడిన డ్యాంపింగే ఇక్కడా పెట్టేస్తే ఊగడం చాలా తక్కువగా చూపిస్తుంది, ముందు ఆ నంబర్ మార్చి రన్ చేసి రిజల్ట్ ఇక్కడే పెట్టు, చూద్దాం.