బూట్లు లేని కూలీని పని మధ్యలో పంపేయడం న్యాయమేనా?

సైటుబాబు: బెంగళూరులో వైట్ టాపింగ్ రోడ్ల (తారు రోడ్డు మీద కాంక్రీటు పరిచినవి) మరమ్మతు చూస్తుంటాను. పాడైన పలకలను పగలగొట్టి మళ్ళీ కాంక్రీటు పోసే పని. నిన్న రాత్రి గమ్ బూట్లు, చేతొడుగులు లేకుండా దిగిన ఇద్దరిని పంపేశాను. మొత్తం మనుషుల్ని లేపుకుపోతానని మేస్త్రి బెదిరించాడు. నేను చేసింది తప్పా?

పాలమూరు మేస్త్రి: ఆ మేస్త్రిని నేనే, బాబూ. ఇక్కడ కూడా పంచాయతీ పెట్టారు కాబట్టి అడుగుతున్నాను. మీరిచ్చిన బూట్లు ఏ సైజువి? అన్నీ తొమ్మిది, పది. ఆ ఇద్దరూ ఆడవాళ్ళు. అడుగు తీస్తే కాలు పైకి వస్తుంది, బూటు కాంక్రీటులోనే ఉండిపోతుంది. పైఅంచు నుంచి సిమెంటు పాలు లోపలికి దిగితే రాత్రంతా పాదం అందులోనే నానుతుంది. దానికన్నా ఉత్త కాళ్ళే నయం.

సైటుబాబు: ఉత్త కాళ్ళు ఎలా నయం? తడి కాంక్రీటు పీహెచ్ 12 పైనే ఉంటుంది, ఘాటైన క్షారం. మోకాళ్ళ మీద కూర్చుని తాపీ పట్టేవాడికి అప్పటికప్పుడు మంట తెలియదు. ఇంటికెళ్ళి నీళ్ళు పోసుకునేటప్పటికి చర్మం తినేసి ఉంటుంది. ప్యాంటును బూటులో దోపకుండా పైకి వదిలితే పాలు లోపలికి దిగవు. ఎన్నిసార్లు చెప్పాను?

కొబ్బరిచెట్టు: పనికి ముందు కొబ్బరినూనె రాసుకుంటే ఏమీ కాదు. మా తాతగారు అలాగే చేసేవారు.

సైటుబాబు: నూనె క్షారాన్ని ఆపదండీ. తగిలిన వెంటనే మంచినీళ్ళతో చాలాసేపు కడగాలి.

పాలమూరు మేస్త్రి: మంచినీళ్ళు ఎక్కడున్నాయి? 2024 మార్చిలో నిర్మాణాలకు తాగునీరు వాడకూడదని, వాడితే 5,000 రూపాయల జరిమానా అని బెంగళూరు జలమండలి ఉత్తర్వు ఇచ్చింది. అప్పటినుంచి మాకు వస్తున్న ట్యాంకర్లలో ఉండేది శుద్ధి చేసిన మురుగునీరు. కాలి పుండును దానితో కడగమంటారా?

సైటుబాబు: తాగే క్యాను ఉంది కదా.

పాలమూరు మేస్త్రి: ఒక్క క్యాను. తాగాలా, కడగాలా?

హెబ్బాళ నివాసి: మీ బూట్ల గొడవ సరే. మా వీధిలో పోసిన నెలకే రోడ్డు పైపొర పిండిలా లేచిపోతోంది. ఇంట్లో చిన్నపిల్లకు ఆయాసం. దానికి ఎవరు జవాబు చెబుతారు?

సైటుబాబు: పైకి తేలిన నీరు ఆరకముందే తాపీతో రుద్దితే అలాగే అవుతుంది. తొందరగా ఆరాలని పొడి సిమెంటు చల్లినా అంతే. లారీలో నీళ్ళు కలపడం ఇంకొకటి. కొందరు మేస్త్రులకు అది అలవాటు.

పాలమూరు మేస్త్రి: "కొందరు" ఎందుకు, నా పేరే రాయండి! కాంక్రీటును కుదిపి సర్దే వైబ్రేటర్లు రెండు కావాలంటే ఒకటి పంపారు. అదీ మధ్యలో ఆగింది. బిగిసిన ముద్దను పారలతో లాగి సర్దండి చూద్దాం, మీ నడుము ఏమంటుందో.

లారీ సారథి: లోడు ఎక్కిన రెండు గంటల్లో దించాలంటారు. సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్‌లోనే గంట పోతుంది. అది సరే, నేను వెనక్కి వస్తుంటే లారీ వెనక మనుషులు నిలబడతారు. మెరిసే జాకెట్టు లేకపోతే అద్దంలో ఏమీ కనబడదు. ముందు దాని సంగతి చూడండి.

అనంతపురం అమ్మాయి: మా నాన్న జాయింట్లు కోసే మిషను నడిపేవారు. పోసిన కొన్ని గంటలకే కోయాలి, లేకపోతే పలక ఇష్టమొచ్చిన చోట పగులుతుంది. నీళ్ళు లేకుండా కోయించేవారు, ముఖానికి తువ్వాలే దిక్కు. సిలికా దుమ్ము తువ్వాలుకు ఆగదు. ఇప్పుడు రెండు మెట్లెక్కితే కూర్చుండిపోతారు. సైటుబాబు గారూ, ఆయన్ను ఆ రోజుల్లో ఎవరైనా ఇంటికి పంపి ఉంటే బాగుండేది.

పాలమూరు మేస్త్రి: తల్లీ, పంపి ఉంటే ఆ రోజు మీ ఇంట్లో పొయ్యి వెలిగేదా?

అనంతపురం అమ్మాయి: కూలీ ఇచ్చి పంపాలి. నేను అనేది అదే.

సైటుబాబు: పని చేయకపోతే కూలీ ఎలా ఇస్తారండీ? రేపు ఎవరి కాలైనా కాలితే కేసులో ఉండేది నా సంతకం.

పాలమూరు మేస్త్రి: ఇప్పుడు అసలు మాటకు వచ్చారు. మీకు సంతకం భయం. మీది నెలజీతం, నాది చదరపు మీటరు లెక్కన గుత్త. తెల్లవారేలోగా పోసి, చదును చేసి, బ్రష్షుతో గీతలు లాగాలి. ఇద్దరు తగ్గితే లారీ ఆగుతుందా? పని మిగతావాళ్ళ మీద పడుతుంది, డబ్బు నాకు తెగుతుంది. గుత్త ఉన్నంతకాలం బూట్లు తొడుక్కునే తీరిక, కాలు కడుక్కునే తీరిక ఎవరికీ ఉండవు. రోజుకూలీకి మార్పించండి, అందరికీ నేనే దగ్గరుండి తొడిగిస్తాను.

సైటుబాబు: గుత్త కాంట్రాక్టరు పెట్టింది, నా చేతిలో లేదు. ఆడవాళ్ళ సైజులు పంపండి, తెప్పిస్తాను. నీళ్ళ క్యాన్లు కూడా పెంచుతాను.

పాలమూరు మేస్త్రి: నాలుగు, ఐదు నంబర్లు. ఆ ఇద్దరి నిన్నటి కూలీ?

సైటుబాబు: అది ఇవ్వను. ఇస్తే రేపు ఒక్కరూ బూట్లు తొడగరు.

పాలమూరు మేస్త్రి: అయితే ఈ రాత్రికి లారీ తెప్పించకండి. మనుషులు రారు.