డెబియన్ ఎక్కించేటప్పుడు వైరా, వైఫైనా?

బోరబండ_బస్తీ:
మా బస్తీలో పిల్లలు సాయంత్రాలు చదువుకునే గది ఒకటి ఉంది. ఒక ఆఫీసు వాళ్లు వాడేసి పక్కన పెట్టిన తొమ్మిది ల్యాప్‌టాప్‌లు దానికి ఇచ్చారు. అన్నిట్లో డెబియన్ 12 (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్, లైనక్స్‌లో ఒక రకం) వేద్దామని నేనూ మా దోస్తూ ఆదివారం కూర్చుంటే మొదటి దాంట్లోనే గొడవ. ఇన్‌స్టాలర్ మధ్యలో ఆగి, ఇందులో నెట్‌వర్క్ కార్డులు రెండున్నాయి, ప్రధానంగా ఏది వాడాలి అని అడుగుతుంది కదా, ఈఎన్‌పీ అని మొదలయ్యేది వైర్‌ది, డబ్ల్యూఎల్‌పీ అని మొదలయ్యేది వైఫైది. నేను వైఫై అన్నాను, ఎందుకంటే రేపు పిల్లలు వాడేది అదే, గదిలో ఎక్కడా వైర్లు లాగి లేవు. వాడు మాత్రం ఒక్కో ల్యాప్‌టాప్ రౌటర్ దగ్గరికి మోసుకెళ్లైనా సరే వైరే పెట్టాలని పట్టుబట్టాడు. చివరికి నా మాటే నెగ్గింది, కానీ డెస్క్‌టాప్ (మెనూలు, కిటికీలు కనిపించే భాగం) దిగుతుండగా రెండుసార్లు ఆగిపోయింది, మూడోసారికి గానీ పూర్తవలేదు. ఇంకా ఎనిమిది మిగిలాయి. మీరైతే ఏది ఎంచుకుంటారు? ఏదైనా ఒకటే అని వదిలేయకండి, కారణం చెప్పండి.

రాంనగర్_రాగితీగ:
వైరే. ఇందులో రెండో మాట లేదు.

వైఫై కార్డు పనిచేయాలంటే చాలావాటికి ఫర్మ్‌వేర్ ఫైలు, అంటే కార్డు లోపల నడిచే చిన్న సాఫ్ట్‌వేర్, ఒకటి కావాలి. డెబియన్ 11 వరకు అది అధికారిక ఇమేజ్‌లో (ఇన్‌స్టాల్ చేయడానికి దించుకునే ఫైలులో) ఉండేది కాదు, పెన్‌డ్రైవ్‌లో వేసుకొచ్చి పెట్టమని ఇన్‌స్టాలర్ అడిగేది. 2022లో డెబియన్ వాళ్లు ఓటింగ్ పెట్టుకుని విధానం మార్చారు, 2023 జూన్‌లో వచ్చిన 12 నుంచి ఫర్మ్‌వేర్ ఇమేజ్‌లోనే ఉంటోంది. దాంతో వైఫై సమస్య తీరిపోయిందని అందరూ అనుకుంటున్నారు, తీరలేదు. బ్రాడ్‌కామ్ బీసీఎం43142 లాంటి కార్డు ఉన్న పాత ల్యాప్‌టాప్ చేతికొచ్చిందనుకోండి, దానికి ఫర్మ్‌వేర్ ఒక్కటీ చాలదు, కంపెనీ డ్రైవర్‌ను (కార్డును సిస్టమ్‌తో కలిపే ప్రోగ్రామ్‌ను) ఆ మెషీన్ మీదే కంపైల్ చేసుకోవాలి, అంటే కోడ్ నుంచి తయారు చేసుకోవాలి. ఆ డ్రైవర్ దించుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే ఆ డ్రైవర్ కావాలి. అప్పుడు చేతిలో ఒక్క వైర్ ముక్క ఉంటే పది నిమిషాల్లో తేలిపోతుంది.

ఇక మీరు వేసింది నెట్ఇన్‌స్ట్ ఇమేజ్ అయితే అందులో బేస్ సిస్టమ్ తప్ప ఏమీ ఉండదు, డెస్క్‌టాప్ అంతా నెట్ నుంచే దిగాలి. చిన్న రౌటర్ మీద, పక్కింటివాళ్ల వైఫైలు ఇరవై కనిపించే బస్తీలో, తొమ్మిది మెషీన్లు ఒకేసారి అదే గాలిని పంచుకుంటే ఆగిపోకుండా ఎట్లా ఉంటాయి?

మణికొండ_మేడగది:
రాగితీగ అన్నా, మీ అనుభవం మీద గౌరవం ఉంది గానీ ఈ మాట నేను ఒప్పుకోను. ఇప్పుడు కొనే సన్నటి ల్యాప్‌టాప్‌లలో వైర్ గుచ్చే ల్యాన్ పోర్టే ఉండదు. మాదాపూర్, గచ్చిబౌలి, అమీర్‌పేట పీజీల్లో ఉండే పిల్లలకి రౌటర్ ఎక్కడో కారిడార్ సీలింగ్‌లో ఉంటుంది, దాన్ని ముట్టుకోనివ్వరు. వాళ్లందరికీ వైర్ లేకపోతే లైనక్స్ వద్దు అని చెప్తామా?

వైర్ అంటే స్పీడ్ అన్నది కూడా అన్నిచోట్లా నిజం కాదు. మా ఇంటికి కేబుల్ లాగిన కుర్రాడు ఎనిమిది తీగల్లో నాలుగే జాక్‌లో కొట్టాడు. జాక్ ప్లాస్టిక్ కదా, వెలుతురుకి పెట్టి చూస్తే ఆరెంజ్ జంట, గ్రీన్ జంట మాత్రమే బంగారు పళ్ల దాకా వచ్చాయి, నీలం, బ్రౌన్ జంటలు మొదట్లోనే కోసేసి ఉన్నాయి. గిగాబిట్‌కి నాలుగు జంటలూ కావాలి, రెండే ఉంటే 100 ఎంబీపీఎస్ దగ్గర ఆగిపోతుంది, చేతికొచ్చేది 94 దాకా. అదే గదిలో నా 5 గిగాహెర్ట్జ్ వైఫై దానికి రెట్టింపు పైనే ఇస్తోంది. ఆరు నెలలు నేను నెట్ కంపెనీని తిట్టుకున్నాను, తప్పు జాక్‌లో ఉంది.

వైఫై కార్డు అస్సలు కనపడలేదంటే ఆండ్రాయిడ్ ఫోన్‌ను డేటా కేబుల్‌తో గుచ్చి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్‌లోని నెట్‌ను కేబుల్ మీదుగా ల్యాప్‌టాప్‌కి ఇవ్వడం) ఆన్ చేయండి. ఇన్‌స్టాలర్‌కి అది వైర్ కార్డులాగే కనిపిస్తుంది. ఫోన్ వైఫైలో ఉంటే మొబైల్ డేటా కూడా ఖర్చు కాదు.

రాంనగర్_రాగితీగ:
టెథరింగ్ సలహా మంచిదే తమ్ముడూ, నేనూ వాడాను. కానీ జాక్‌లో నాలుగే తీగలుండటం వైర్ తప్పు కాదు, కొట్టినవాడి తప్పు. అయినా డౌన్‌లోడ్‌కి 94 చాలు, నాకు కావాల్సింది మధ్యలో తెగకపోవడం. పీజీ వైఫై అన్నావు, అక్కడ చాలాచోట్ల బ్రౌజర్‌లో లాగిన్ పేజీ వస్తే గానీ నెట్ రాదు. డెబియన్ ఇన్‌స్టాలర్‌లో బ్రౌజర్ ఏదీ? కనెక్ట్ అయినట్టే ఉంటుంది, మిర్రర్ (ప్యాకేజీలు దించుకునే సర్వర్) దగ్గర ఆగిపోతుంది, పిల్లవాడు పాస్‌వర్డ్ తప్పు కొట్టానేమో అని గంట కొట్టుకుంటాడు.

సైదాబాద్_సర్వర్:
ఇద్దరూ ఇన్‌స్టాల్ చేసే గంట గురించే మాట్లాడుతున్నారు, ఆ తర్వాత మూడేళ్లు ఆ మెషీన్ నడవాలి కదా. నా వాదన అక్కడే ఉంది.

డెస్క్‌టాప్‌తో కలిపి వేస్తే నెట్‌వర్క్ మేనేజర్ అనే ప్రోగ్రామ్ వచ్చి అన్ని కార్డులనూ చేతిలోకి తీసుకుంటుంది, అప్పుడు మీరు ఇన్‌స్టాలర్‌లో ఏది ఎంచుకున్నా తేడా పెద్దగా ఉండదు. రెండూ తగిలించి ఉంటే వైర్‌కి 100, వైఫైకి 600 అని మెట్రిక్ (ప్రాధాన్యత అంకె) ఇస్తుంది, తక్కువ అంకె ఉన్న దారిలోనే ట్రాఫిక్ పోతుంది, వైర్ పీకితే దానంతట అదే వైఫైకి మారుతుంది. కానీ డెస్క్‌టాప్ లేకుండా వేస్తే సంగతి వేరు. మీరు ఎంచుకున్న కార్డు ఈటీసీ నెట్‌వర్క్ కింద ఇంటర్‌ఫేసెస్ అనే ఫైలులో రాసేస్తుంది, వైఫై అయితే దాని పాస్‌వర్డ్ కూడా చదవగలిగే అక్షరాల్లో అక్కడే ఉంటుంది. ఆ ఫైలులో పేరున్న కార్డును నెట్‌వర్క్ మేనేజర్ తర్వాత ముట్టుకోదు. నాకు తెలిసి ఈ ప్రశ్నలో అసలు ప్రమాదం ఇదొక్కటే, దీన్ని ఎవరూ కొత్తవాళ్లకి చెప్పరు, నాకు కోపం వచ్చేది అందుకే.

ఉబుంటు సర్వర్‌లో (ఇంకో రకం లైనక్స్) దీని ఇంకో రూపం చూశాను. వైర్ ఎంచుకుని ఇన్‌స్టాల్ చేసి, ఆ తర్వాత వైర్ పీకేసి వైఫై మీద నడిపితే, ఆన్ చేసిన ప్రతిసారీ ఆ లేని వైర్ కోసం 2 నిమిషాలు ఎదురుచూస్తుంది. అందులో నెట్‌వర్క్ సెట్టింగులు రాసే నెట్‌ప్లాన్ ఫైలులో ఆ కార్డు కింద ఆప్షనల్ ట్రూ అని ఒక్క లైను రాస్తే పోతుంది, ఆ లైను తెలియక హార్డ్‌డిస్క్ పోయిందని మార్పించినవాళ్లు ఉన్నారు.

బోరబండ_బస్తీ:
సర్వర్ గారూ, మీరు చెప్పింది చదివి ఇప్పుడే వెళ్లి చూసొచ్చాను. మూడోసారి మేము డెస్క్‌టాప్ టిక్ తీసేసి బేస్ మాత్రమే వేశాం, వైఫైతోనే, తర్వాత టాస్క్‌సెల్ అనే డెబియన్ ప్రోగ్రామ్‌తో డెస్క్‌టాప్ దించాం. అప్పటినుంచి నెట్ వస్తోంది గానీ పైన గుర్తు నొక్కితే ఒక్క వైఫై పేరూ కనిపించదు. కార్డు పాడైందని పక్కన పెట్టేశాం. ఇంటర్‌ఫేసెస్ ఫైలు తెరిస్తే గది వైఫై పేరు, పాస్‌వర్డ్ రెండూ ఉన్నాయి. ఏం చేయాలి?

సైదాబాద్_సర్వర్:
ఆ డబ్ల్యూఎల్‌పీ పేరున్న లైన్లు, వాటికింద జరిపి రాసిన లైన్లు తీసేయండి. ఎల్ఓ అని ఉన్నవి మెషీన్ తనతో తాను మాట్లాడుకునేవి, ముట్టుకోకండి. రీస్టార్ట్ చేయండి. పేర్లు వస్తాయి.

మిగతా ఎనిమిదికి నా సలహా వైరే, డెస్క్‌టాప్ టిక్ మాత్రం తీయకండి. చిన్న నెట్‌వర్క్ స్విచ్ (చాలా మెషీన్లను కేబుళ్లతో కలిపే పెట్టె) ఒకటి పెట్టి, మీ సొంత ల్యాప్‌టాప్‌లో ఆప్ట్ క్యాషర్ ఎన్‌జీ (ఒకసారి దించిన ప్యాకేజీలు దాచి మళ్లీ ఇచ్చే ప్రోగ్రామ్) నడపండి. మిర్రర్ ఎంచుకున్నాక ఇన్‌స్టాలర్ ప్రాక్సీ (మధ్యలో ఉండి నెట్ నుంచి తెచ్చిచ్చే మెషీన్) అడుగుతుంది, అందరూ ఖాళీగా వదిలేసే గడి అది. అక్కడ మీ ల్యాప్‌టాప్ ఐపీ, 3142 పోర్టు ఇవ్వండి. మొదటి మెషీన్ దించిన ప్యాకేజీలే మిగతా ఏడూ మీ దగ్గర్నుంచి తీసుకుంటాయి, బయటి నెట్‌తో పని తక్కువ.

మణికొండ_మేడగది:
ఎనిమిది మెషీన్ల గదికి ఇది సరైన పద్ధతి, ఒప్పుకుంటాను. ఒంటరిగా ఒక్క ల్యాప్‌టాప్‌తో కూర్చున్న పిల్లకి మాత్రం వైఫైయే డిఫాల్ట్ కావాలి అని ఇప్పటికీ అంటాను. అది కుదరకపోతే డీవీడీ ఇమేజ్ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, నెట్‌వర్క్ ఇప్పుడు సెట్ చేయొద్దు అనే దాన్ని ఎంచుకోమనండి. డెస్క్‌టాప్ ఆ ఇమేజ్‌లోనే ఉంటుంది, మొత్తం అయ్యాక తాపీగా వైఫై కలుపుకుంటుంది.

బోరబండ_బస్తీ:
అప్‌డేట్. ముందు ఆ మొదటి ల్యాప్‌టాప్: లైన్లు తీసేసి రీస్టార్ట్ చేస్తే వీధిలో ఉన్న వైఫైలన్నీ వరసగా వచ్చాయి, కార్డుకి ఏమీ కాలేదు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో ఎనిమిది పోర్టుల స్విచ్, తొమ్మిది కేబుళ్లు తెచ్చాం. కొనేముందు ఒక్కో జాక్ లైటుకి పెట్టి ఎనిమిది తీగలూ లెక్కపెట్టాను, రెండింట్లో నాలుగే ఉంటే మార్పించాను. మొదటి మెషీన్‌కి యాభై నిమిషాలు పట్టింది, తర్వాతివి ఇరవైలోపే. మధ్యలో కరెంటు పోయింది, రౌటర్‌నీ స్విచ్‌నీ ఇన్వర్టర్ లైన్‌కి మార్చి మళ్లీ మొదలుపెట్టాం. ఒక్కదాంట్లో ల్యాన్ పోర్టు విరిగి ఉంది, దానికి మా దోస్తు ఫోన్ టెథరింగ్ పెట్టాడు. తొమ్మిదీ ఇప్పుడు వైఫై మీదే నడుస్తున్నాయి.

మా దోస్తు ఇది చదివి, తను గెలిచానంటున్నాడు. గదిలో వైర్ ఒక్కటీ లేదు కదరా అని నేనంటున్నాను. స్విచ్, కేబుళ్లు మాత్రం బీరువాలోనే ఉంచాం, పక్క బస్తీ వాళ్లు వచ్చే ఆదివారానికి అడిగారు.